పదిహేను నిమిషాల మాటకు పదిహేడు డాలర్లు

అమెరికా జైల్లో ఉన్న మనిషికి బయటివాళ్లు ఫోన్ చేయలేరు. లోపలి మనిషే సాధారణంగా గోడకున్న ఫోన్ దగ్గర తన వంతు వచ్చేదాకా ఆగి, పిన్ నంబరు నొక్కి, అధికారులు ముందే ఒప్పుకున్న నంబర్లలో ఒకదానికి చేయాలి. ఇంట్లో ఫోనెత్తితే మొదట వినిపించేది యంత్రం గొంతు: ఇది జైలు నుంచి వస్తున్న కాల్, రికార్డవుతుంది, మాట్లాడదలిస్తే ఫలానా అంకె నొక్కండి అని. నొక్కితేనే కొడుకు గొంతు. చాలాచోట్ల పదిహేను నిమిషాలకు లైను దానంతటదే తెగిపోతుంది. మధ్యలో మూడో మనిషిని కలపకూడదు. వకీలుతో మాట్లాడే మాటలను మాత్రం రికార్డు చేయకూడదన్నది నియమం.

ఈ కట్టుబాట్లకు భద్రత అనే సాకైనా ఉంది. ధరకు అదీ లేదు. ఒకప్పుడు రాష్ట్రం దాటే పదిహేను నిమిషాల కాల్‌కు కొన్నిచోట్ల 17 డాలర్ల దాకా పడేది. దీనికి కారణం టెండర్లలో ఉంది. ఒక జైలుకు ఫోన్లు పెట్టే కాంట్రాక్టు ఒకే కంపెనీకి దక్కుతుంది. బిల్లుల్లో కొంత వాటా కమీషన్‌గా జిల్లాలాంటి కౌంటీకో, జైళ్ల శాఖకో ముట్టేది. అందువల్ల తక్కువ ధరకు ఇస్తానన్నవాడి కంటే ఎక్కువ కమీషన్ ఇస్తానన్నవాడే ముద్దయ్యాడు. కంపెనీని ఎంచుకునేది ఒకరు, డబ్బు కట్టేది మరొకరు. ఆ మరొకరు తరచుగా ఏ తల్లో, భార్యో. పైగా ఖాతాలో డబ్బు వేసినందుకు విడిగా రుసుము పడేది! సెక్యూరస్, 2022లో వయాపాత్‌గా పేరు మార్చుకున్న గ్లోబల్ టెల్ లింక్ ఈ వ్యాపారంలో పెద్ద కంపెనీలు.

వాషింగ్టన్‌కు చెందిన మార్తా రైట్ రిటైరైన నర్సు. చూపు పోయింది. ఆ నగరపు ఖైదీలుండే లోర్టన్ జైలును 2001లో మూసేశారు. అంతకుముందు నుంచే ఖైదీలను దూర రాష్ట్రాలకు పంపుతూ వచ్చారు. ఆమె మనవడూ అలా దూరమైనవాడే. ఉత్తరం వస్తే చదువుకోలేరు, అంతదూరం వెళ్లి చూడలేరు. మిగిలింది ఫోనొక్కటే. ఆమె, మరికొన్ని కుటుంబాలు ఈ ధరల మీద 2000లో కోర్టుకెక్కితే, ఇది ఫోన్ రంగాన్ని నియంత్రించే ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ తేల్చాల్సిన సంగతని జడ్జి అటు పంపారు. 2003లో అక్కడ పిటిషన్ పడింది. కమిషన్ కదలడానికి పదేళ్లు పట్టింది.

2013 ఆగస్టులో, మిగ్నన్ క్లైబర్న్ కమిషన్ తాత్కాలిక అధ్యక్షురాలిగా ఉండగా, నిమిషానికి ప్రీపెయిడ్ కాల్‌కు 21 సెంట్లు, అందుకున్నవారు చెల్లించే కలెక్ట్ కాల్‌కు 25 సెంట్లు మించరాదని ఉత్తర్వు వచ్చింది. అయితే అది రాష్ట్రాల మధ్య కాల్స్‌కే. ఖైదీల్లో ఎక్కువమంది సొంత రాష్ట్రంలోనే ఉంటారు కాబట్టి అసలు భారం రాష్ట్రం లోపలి కాల్స్‌ది. 2015లో వాటికీ హద్దు గీస్తే కంపెనీలు కోర్టుకెళ్లాయి. 2017లో, భారతీయ దంపతుల కొడుకు అజిత్ పాయ్ ఛైర్మన్ కాగానే, ఆ భాగాన్ని ఇక సమర్థించబోమని కమిషనే కోర్టుకు చెప్పింది. జూన్‌లో కోర్టు దాన్ని కొట్టేసింది. మార్తా రైట్ 2015లోనే కన్నుమూశారు.

రాష్ట్రం లోపలి కాల్స్‌పై కమిషన్‌కు లేదని కోర్టు అన్న అధికారాన్ని ఆమె పేరు మీదే వచ్చిన చట్టం ఇచ్చింది. 2023 జనవరి 5న బైడెన్ దానిమీద సంతకం చేశారు. 2024 జులైలో పెద్ద జైళ్లలో నిమిషం కాల్‌కు 6 సెంట్లు, అతి చిన్నవాటిలో 12 సెంట్లు గరిష్ఠ ధరగా ఖరారైంది. కమీషన్లకు, అదనపు రుసుములకు స్వస్తి అన్నారు. ఏడాది తిరక్కుండానే, 2025లో, కమిషన్ ఆ నియమాల అమలు గడువును వాయిదా వేసింది. తర్వాత పరిమితులనూ పెంచింది.

కొన్ని ప్రభుత్వాలు బిల్లు తామే భరిస్తున్నాయి. న్యూయార్క్ నగరం 2019లో తన జైళ్లలో కాల్స్ ఉచితం చేసింది. రాష్ట్రాల్లో 2021లో మొదట చట్టం చేసింది కనెక్టికట్. తర్వాత కాలిఫోర్నియా, మిన్నెసోటా, కొలరాడో, మసాచుసెట్స్ ఆ దారి పట్టాయి. కాలిఫోర్నియా చట్టం రాష్ట్ర ప్రభుత్వ జైళ్లకే వర్తిస్తుంది. కౌంటీ జైళ్లలో, మన జైళ్లలో లాగే, ఎక్కువమంది నేరం రుజువు కాని విచారణ ఖైదీలు. శాన్‌ఫ్రాన్సిస్కోలాంటి కొన్ని కౌంటీలు సొంతంగా ఉచితం చేశాయి. మిగతాచోట్ల బిల్లు ఇంకా ఇంటికే వస్తోంది.