కారింజనుకు రెక్కలొచ్చాయ్!

కారింజను పెట్టి విమానం నడపడం అయ్యే పని కాదని ఓ పత్రికాసంపాదకుడు తేల్చేశాడు. అది చదివిన ఓ పల్లెటూరి మెకానిక్‌ వాదనకు దిగలేదు. 1930లో ఏకంగా రెండు బుల్లి విమానాల్ని మినియాపొలిస్‌కి ఎగరేయించి సంపాదకుడి ముందు దించాడు. రెండింట్లోనూ ఉన్నవి ఫోర్డ్‌ కారు ఇంజన్లే!

ఆ మెకానిక్‌ బెర్నార్డ్‌ పీటెన్‌పాల్‌. ఊరు అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో చెర్రీ గ్రోవ్‌. పెద్ద చదువులేం లేవు, పనంతా సొంతంగా నేర్చుకున్నదే. విమానం ఇంజను కొనే స్తోమత మామూలు మనిషికి లేని రోజులవి. ఫోర్డ్‌ ‘మోడల్‌ ఎ’ కార్లు మాత్రం ఊరూరా తిరుగుతున్నాయి. ఆ ఇంజన్నే తీసి కర్ర, గుడ్డతో చేసిన ఇద్దరు కూర్చునే విమానానికి బిగించాడు. ‘ఎయిర్‌ క్యాంపర్‌’ పేరుతో అది 1929లో ఎగిరింది. ఓడిపోయిన సంపాదకుడు ఏం చేశాడనుకుంటున్నారు? ఆ విమానం ప్లాన్లను తన పత్రికవాళ్ల ‘ఫ్లయింగ్‌ అండ్‌ గ్లైడర్‌ మాన్యువల్‌’ 1932 సంచికలో అచ్చేయించాడు. ఇక చూస్కోండి... పెరటి షెడ్లలో రంపాలు మోగడం మొదలైంది.

పీటెన్‌పాల్‌ ఎంచుకున్న ఇంజన్లోనే అసలు కిటుకుంది. 3.3 లీటర్ల ఆ ఇంజను ఇచ్చేది 40 హార్స్‌పవరే. కానీ నిమిషానికి 2200 చుట్లు తిరుగుతూనే ఆ శక్తినంతా ఇచ్చేస్తుంది. ప్రొపెల్లర్‌కి కావాల్సింది అదే. ఆరడుగుల ప్రొపెల్లర్‌ నిమిషానికి 2500 చుట్లు తిరిగితే దాని కొస సెకనుకు దాదాపు 240 మీటర్ల వేగంతో పోతుంది. ఇప్పటి కార్ల ఇంజన్లు పూర్తి శక్తినివ్వాలంటే 5500 చుట్లయినా తిరగాలి. ప్రొపెల్లర్‌ని నేరుగా వాటికి బిగిస్తే కొస వేగం ధ్వనివేగాన్ని దాటేస్తుంది. మోత తప్ప ముందుకు లాగే బలం పెద్దగా మిగలదు. అందుకే మధ్యలో గేర్లో బెల్టో పెట్టి వేగం తగ్గించాలి. దాంతో బరువు పెరుగుతుంది, కొత్త అదుర్లు పుట్టుకొస్తాయి. ఇళ్లలో విమానాలు కట్టుకునేవాళ్ల నిద్ర చెడగొట్టేది ఎక్కువగా ఈ అదుర్లే. పీటెన్‌పాల్‌కి ఆ బాధ లేదు. ఫ్లైవీల్‌ తీసేసి, అక్కడే ప్రొపెల్లర్‌ బిగించాడు!

పంపుసెట్టులా...

పొలంలో డీజిల్‌ పంపుసెట్టు చూసినవాళ్లకి అసలు సమస్య ఇట్టే అర్థమవుతుంది. కారింజను రోడ్డుమీద మధ్యమధ్యలో ఊపిరి పీల్చుకుంటుంది. సిగ్నల్‌ దగ్గర ఆగుతుంది, పల్లంలో తేలిగ్గా జారుతుంది. చదును రోడ్డుమీద దాని శక్తిలో మూడోవంతు కూడా వాడాల్సిన పనుండదు. అదే ఇంజన్ని విమానంలో పెడితే పంపుసెట్టయిపోతుంది. పైకి లేచేటప్పుడు ఉన్న శక్తంతా పెట్టాలి. ఆ తర్వాతా ముప్పావువంతు దాకా, గంటల తరబడి. పంపుసెట్టు ఆగితే మడి ఎండుతుంది. మరి ఇది ఆగితే? విమానం రాయిలా పడిపోదు, కాసేపు తేలుతూ దిగుతుంది. ఆలోగా కింద ఓ చదును నేల కనపడాలి.

అందుకే విమానం ఇంజన్లలో ప్రతి సిలిండర్‌కీ రెండు స్పార్క్‌ప్లగ్గులు, వాటికి విడివిడిగా రెండు మాగ్నెటోలు ఉంటాయి. ఒకటి మొరాయించినా రెండోది నడిపిస్తుంది. కార్లలో ఎక్కువగా ఒక్క ప్లగ్గే. పైగా ఇప్పటి కారింజన్లకు కరెంటు లేకపోతే క్షణం గడవదు. 2007లో జర్మనీలోని స్పేయర్‌లో ఏమైందో చూడండి. అది ఇంట్లో కట్టింది కాదు, కంపెనీ విమానమే. దాని రెండు డీజిల్‌ ఇంజన్లూ కారింజను నుంచి తయారైనవి. బ్యాటరీ డీలా పడితే బయటి కరెంటుతో స్టార్ట్‌ చేసి బయల్దేరారు. గాల్లోకి లేచాక చక్రాలు లోపలికి ముడిచారు. ఆ దెబ్బకి వోల్టేజి పడిపోయి, ఇంజన్లను నడిపే కంప్యూటర్లు తడబడ్డాయి. రెండు ఇంజన్లూ ఒకేసారి ఆగిపోయాయి! లోపలున్నవాళ్లు క్షేమంగా బయటపడ్డారు.

నీళ్లక్కర్లేని ఇంజన్లు

రేడియేటర్‌ బరువు వద్దనుకున్నవాళ్లకి ఫోక్స్‌వ్యాగన్‌ ‘బీటిల్‌’ దొరికింది. గాలితోనే చల్లబడే తేలికైన ఇంజను... ఒక్కరు కూర్చునే విమానాలకి సరిగ్గా సరిపోయింది. 1960ల్లో వచ్చిన షెవర్లే ‘కార్వెయిర్‌’ ఇంజనూ గాలితో చల్లబడేదే. అందులో ఆరు సిలిండర్లు. పీటెన్‌పాల్‌ కూడా తర్వాత్తర్వాత దానికి మారిపోయాడు. అయితే ఈ ఇంజను పెట్టిన కొన్ని విమానాల్లో క్రాంక్‌షాఫ్ట్‌ విరిగింది. క్లచ్చిని తిప్పడానికి చేసిన షాఫ్ట్‌ అది. మలుపుల్లో ప్రొపెల్లర్‌ దాన్ని వంచాలని చూస్తుంది. దాంతో ప్రొపెల్లర్‌ వైపు అదనంగా మరో బేరింగు పెట్టడం మొదలుపెట్టారు. చాలామంది పొదుపు లెక్క తప్పేది ఇలాంటిచోటే. పాత ఇంజను చవకే, కానీ దాన్ని నమ్మదగిందిగా మార్చేసరికి జేబు బాగానే ఖాళీ అవుతుంది.

అమెరికా నిబంధనల ప్రకారం సొంత విమానం కట్టుకోవచ్చు, ఎగరేసుకోవచ్చు. ఆమోదం పొందిన ఇంజనూ ప్రొపెల్లర్‌ జంట పెడితే మామూలుగా 25 గంటల పరీక్ష చాలు. కారింజనైతే 40 గంటలు. జనావాసాలకు దూరంగా, ప్రయాణికులెవర్నీ ఎక్కించుకోకుండా ఎగరాలి. అక్కడి రవాణా భద్రతామండలి 2012లో సొంత విమానాల ప్రమాదాల్ని పరిశీలిస్తే, ఇంజను వ్యవస్థ విఫలం కావడం ప్రధాన కారణాల్లో ఒకటని తేలింది. ఆ 40 గంటలు ఊరికే పెట్టలేదన్నమాట!

పీటెన్‌పాల్‌ 1984లో చనిపోయాడు. చెర్రీ గ్రోవ్‌లోని ఆయన వర్క్‌షాపు ఇప్పుడు జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో ఉంది. ఆయన అభిమానులు ఏటా జులైలో విస్కాన్సిన్‌ రాష్ట్రంలోని బ్రాడ్‌హెడ్‌లో కలుస్తారు. గడ్డి రన్‌వే మీద వాలే ఆ విమానాల్లో కొన్నిటికి నేటికీ మోడల్‌ ఎ ఇంజనే. దాని రేడియేటర్‌ పైలట్‌ కళ్లకెదురుగా గోడలా నిలబడి ఉంటుంది. అందుకే దిగేటప్పుడు తల పక్కకి వంచి, రెక్క కిందుగా తొంగిచూస్తూ నేల వెతుక్కుంటారు.