అంకురార్పణము

ఏ కార్యము మొదలిడినను దానికి "అంకురార్పణము" జరిగినదని వ్రాయుట మన పత్రికలకు పరిపాటి. సహకార సంఘమునకును అంకురార్పణమే, రహదారికిని అంకురార్పణమే. చేతులు మారిన నాణెమువలె ఈ మాటయు అరిగిపోయినది. దానిమీది ముద్ర యేమో ఒక్కమారు పరికింతము.

అంకురమనగా మొలక, అర్పణమనగా ఉంచుట, సమర్పించుట. ఈ మాటకు మూలము చేతులారా చేయు ఒక క్రియ. వివాహములందును, దేవాలయోత్సవములందును పాలికలనెడి మట్టిపాత్రలలో మన్ను నింపి, నవధాన్యములు చల్లి, నీరు పోయుదురు. తిరుమలలో తొమ్మిదినాళ్ల బ్రహ్మోత్సవమునకు ముందు విష్వక్సేనుని ఊరేగింపు జరిపి, మన్ను తెచ్చి, ఈ క్రియ నడుపుదురు. ఓషధులకు అధిపతి చంద్రుడు కావున రాత్రివేళ విత్తుట సంప్రదాయము.

ఇంగ్లీషువారి "ఇనాగురేషన్" అను మాట లాటినునుండి వచ్చినది. రోమునగరమున ఆగురులనెడి పురోహితులు పక్షులు ఎగురు తీరును చూచి, తలపెట్టిన కార్యమునకు దేవతల సమ్మతి కలదో లేదో చెప్పెడివారు. రోమీయుడు ఆరంభమున ఆకాశమువంక చూచెను. మనవాడు మట్టివంక చూచెను. పక్షి ఎగిరిపోయినంతనే శకునము ముగియును. విత్తినవానికో, పని అప్పుడే మొదలగును.

ఈ సంగతి వ్యవసాయదారులకు మేము చెప్పనక్కరలేదు. నిత్యము నీరు పోయువారు లేనిచో పాలిక వట్టి మట్టికుండయే. పెద్దల పేర్లు చెక్కిన శంకుస్థాపన ఫలకము నిలిచియుండి, దాని వెనుక గోడ లేవని ఊళ్లెన్నియో కలవు. రాతికి మొలక రాదు. పత్రికలవారమైన మాకును ఇందు దోషభాగము కలదు: ప్రారంభదినమున పుటలు నింపుదుము, ఏడాది గడచిన పిమ్మట మొలకెత్తినదా యని చూడబోము.

నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10వ తేదీన జవాహర్లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడిచిరి. నడుమ గడచినవి ఇంచుమించు పన్నెండేండ్లు. నెహ్రూ 1964లోనే కీర్తిశేషులైరి. విత్తినవారు ఫలము చూడకున్నను, వేలాది కూలీలు రాయిమీద రాయి పేర్చి ఆ మొలకను కాపాడిరి. అంకురార్పణమను మాటకు అట్టి కార్యమే తగినది.

కావున ఇకమీదట ప్రారంభోత్సవములకు పోవువారు పూలమాలలు వేయుటకు ముందు ఒక్క ప్రశ్న అడుగుదురుగాక: రేపటినుండి దీనికి నీరు పోయువారెవరు?