హార్లెం సింఫనీ: జేమ్స్ పి. జాన్సన్ ఆర్కెస్ట్రా రచనలు మళ్లీ వినాల్సిన అవసరం

జాజ్ చరిత్ర పుస్తకాల్లో జేమ్స్ పి. జాన్సన్ (1894–1955) పేరు తప్పకుండా కనిపిస్తుంది. స్ట్రైడ్ పియానోకు పితామహుడని, 'చార్లెస్టన్' బాణీ కట్టినవాడని, ఫాట్స్ వాలర్‌కు గురువని రాస్తారు. డ్యూక్ ఎల్లింగ్టన్ కుర్రతనంలో ఈయన 'కరోలినా షౌట్' పియానో రోల్ పెట్టుకుని, కదిలే మెట్ల మీద వేళ్లుంచి నేర్చుకున్నాడని కూడా చెబుతారు. అంతటితో సరి. ఇదే మనిషి సింఫనీ రాశాడు, పియానో కన్చెర్టో రాశాడు, పాలికి సేద్యం చేసే నల్లజాతి కౌలుదార్ల సంఘం మీద ఒపేరా రాశాడు. ఆ సంగతి మాత్రం ఏదో పాపం ఆశపడ్డాడన్నట్టు ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. పియానో వాయిస్తే మెచ్చుకుని, సింఫనీ రాస్తే ముఖం చిట్లించడం ఎందుకో మనం అడగాలి.

ముందు ఈ సంగీతం ఎక్కడిదో చూద్దాం. జాన్సన్ కుర్రవాడిగా న్యూయార్క్ శాన్ హువాన్ హిల్ పేటలో ఒక డాన్సు హాలులో పియానో వాయించేవాడు. అక్కడికొచ్చేవాళ్లు దక్షిణ కరోలినా, జార్జియా నుంచి వలసొచ్చిన రేవు కూలీలు. వాళ్లకు పట్నం డాన్సులు పట్టేవి కావు, తమ ఊళ్ల అడుగులు కావాలనేవాళ్లు. ఆ అడుగులు 'రింగ్ షౌట్'వి. బానిసత్వం రోజుల్లో గుండ్రంగా తిరుగుతూ, కాళ్లతో నేలమీద దరువేస్తూ, చప్పట్లు కొడుతూ ఒకరు అందుకుంటే మిగతావాళ్లు బదులు పాడే పద్ధతి అది. 1739 స్టోనో తిరుగుబాటు తర్వాత దక్షిణ కరోలినాలో 1740 చట్టం బానిసల చేతుల్లో డప్పులు లేకుండా చేసింది. దాంతో దరువు అరికాళ్లలోకి, అరచేతుల్లోకి వచ్చింది. (డప్పు కొట్టే చేతులకు పని అప్పజెప్పి, దాన్ని సంగీతమని మాత్రం ఒప్పుకోని ఊళ్ల నుంచి వచ్చిన మనకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.) స్ట్రైడ్‌లో ఎడమ చెయ్యి కింది స్వరానికీ మధ్య స్వరమేళానికీ మధ్య గంతులేస్తూ ఆ కాళ్ల పని చేస్తుంది. కుడి చెయ్యి దానికి ఎదురు దరువులో పాడుతుంది. 'చార్లెస్టన్' కూడా ఆ రేవు కూలీల అడుగుల్లోంచి పుట్టిందే. 1923లో 'రన్నిన్ వైల్డ్' అనే సంగీత నాటకంలోకెక్కి లోకమంతా తిరిగింది. ఆడినవాళ్ల పేర్లు ఎవరికీ గుర్తులేవు.

1924 ఫిబ్రవరిలో జార్జ్ గెర్ష్విన్ 'రాప్సొడీ ఇన్ బ్లూ' వినిపించాడు. పాల్ వైట్‌మన్ తెల్లవాళ్ల బృందం దాన్ని వాయించింది. జాజ్ కచేరీ హాలు మెట్లెక్కిందని పత్రికలు రాశాయి. 1928లో జాన్సన్ 'యమక్రా' వచ్చింది. యమక్రా అంటే జార్జియాలో సవానా దగ్గరి నల్లవాళ్ల పేట. డబ్ల్యు. సి. హాండీ కార్నెగీ హాల్లో పెట్టిన కచేరీలో దాన్ని వాయించారు. కాని రాసినవాడే పియానో ముందు లేడు. ఒక నాటకంలో వాద్యబృందాన్ని నడిపే ఉద్యోగం, సెలవు దొరకలేదు. బదులుగా వాలర్ కూర్చున్నాడు. యమక్రాకు ఆర్కెస్ట్రా కూర్పు చేసింది విలియం గ్రాంట్ స్టిల్. గెర్ష్విన్ రాప్సొడీకి ఆ పని చేసింది ఫెర్డీ గ్రోఫే. అందువల్ల గెర్ష్విన్ గౌరవం ఏమీ తగ్గలేదు.

1932 నాటి 'హార్లెం సింఫనీ'కి నాలుగు భాగాలు. మొదటిది సబ్‌వే ప్రయాణం. పెన్సిల్వేనియా స్టేషన్లో రైలెక్కి, యూదుల పేట, స్పానిష్ మాట్లాడేవాళ్ల పేట దాటుకుంటూ 135వ వీధిలో నల్లవాళ్ల మధ్య దిగుతాం. తర్వాత ఒక పాట, ఆ తర్వాత నైట్‌క్లబ్బు, చివరికి 'బాప్టిస్ట్ మిషన్' అనే చర్చి. ఈ రచనల మీద శాస్త్రీయ సంగీతం వైపు నుంచి వచ్చే ఆరోపణ ఒకటే: బాణీలు పక్కపక్కన పేర్చాడు, వాటిని పెంచలేదు. సబ్‌వే భాగానికి అది కొంత నిజమే, అతుకులు కనబడతాయి. కాని బాప్టిస్ట్ మిషన్‌కు అది అతకదు. అక్కడ ఒకే కీర్తన మళ్లీ మళ్లీ వస్తుంది. ప్రతిసారీ జవాబు మారుతుంది, బరువు పెరుగుతుంది. రింగ్ షౌట్ పెరిగేది కూడా అలాగే. బీథోవెన్ పద్ధతిలో పెరగలేదు కాబట్టి పెరగనేలేదనడం కొలబద్ద తప్పు. ఇక జాజ్ అభిమానుల ఆరోపణ దీనికి తలకిందులు: సింఫనీ ఎందుకు, మూలాలు వదిలేశాడు అని. నల్లవాడు క్లబ్బులోనే ఉండాలన్న మాటకు ఇది మర్యాదైన రూపం.

రికార్డు కంపెనీలు ఆయన దగ్గర పియానో అడిగాయి గాని సింఫనీ అడగలేదు. గుగెన్‌హైమ్ ఫెలోషిప్‌కు దరఖాస్తు పెట్టుకుంటే రాలేదు. 1951లో పక్షవాతం వచ్చి చేతులు ఆగిపోయాయి. 1955లో చనిపోతే క్వీన్స్‌లో పూడ్చిన చోట 2009 దాకా పేరు చెక్కిన రాయి కూడా లేదు. రాతప్రతుల్లో కొన్ని పోయాయి, కొన్ని కుటుంబం దగ్గర మిగిలాయి. మారిన్ ఆల్సప్ వాటిని తీయించి, కన్‌కార్డియా ఆర్కెస్ట్రాతో వాయించి 1994లో 'విక్టరీ స్ట్రైడ్' అనే సీడీగా తెచ్చింది. హార్లెం సింఫనీ, 'డ్రమ్స్', కన్చెర్టోలో ఒక భాగం అందులో ఉన్నాయి. నా మటుకు నాకు అక్కడక్కడ తీగవాద్యాలు బిగుసుకున్నట్టు అనిపిస్తుంది. స్వరాలు కాగితం మీద ఉంటాయి, ఊపు ఉండదు. ఆ ఊపు తెలిసినవాళ్లను అప్పటి పెద్ద ఆర్కెస్ట్రాలు చేర్చుకోలేదు. అదే వాళ్లు 1932లోనే వాయించి ఉంటే ఎలా ఉండేదో ఊహించుకోవాల్సిందే.

'డి ఆర్గనైజర్' కథ ఇంకా బాధ కలిగిస్తుంది. మాటలు లాంగ్‌స్టన్ హ్యూజ్ రాశాడు. కౌలుదార్లు రహస్యంగా కూడి తమ నాయకుడి కోసం ఎదురుచూస్తారు, భూస్వామి తాలూకు మేస్త్రీ వస్తాడు, వాళ్లు లొంగరు, సంఘం కడతారు. ఆర్కాన్సాలో నల్ల, తెల్ల కౌలుదార్లు కలిసి 1934లో నిజంగానే అలాంటి సంఘం పెట్టుకున్నారు. ఒపేరాను 1940లో దుస్తుల కార్మికుల సంఘం మహాసభ సందర్భంగా కార్నెగీ హాల్లో ఆడారు. ఆ తర్వాత సంగీతం పోయిందనే అనుకున్నారు. గాయకబృంద నాయకురాలు ఈవా జెస్సీ కాగితాలు మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. వాటిలో గాత్రానికీ పియానోకూ రాసిన ప్రతి దొరికింది. జేమ్స్ డపొన్యీ దానికి ఆర్కెస్ట్రా భాగాలు తిరిగి కూర్చాడు, 2002లో మళ్లీ ఆడారు. ఒక నల్లజాతి స్త్రీ తన కాగితాలు పారేయకుండా దాచింది కాబట్టి అదైనా మిగిలింది.

వినదలచినవాళ్లు ముందు 1921 నాటి 'కరోలినా షౌట్' పియానో రికార్డు రెండుమూడుసార్లు వినండి, ఎడమ చేతి మీద చెవి పెట్టండి. తర్వాత బాప్టిస్ట్ మిషన్ పెట్టుకుంటే ఆ ఎడమ చెయ్యి ఆర్కెస్ట్రాలో ఎక్కడుందో మీకే వినబడుతుంది.