రొద పోవాలి, గొంతు నిలవాలి

మన ఇళ్లలో చాలా చోట్ల బీరువా అడుగు అరలోనో, ఇనుప ట్రంకు పెట్టెలోనో కొన్ని పాత క్యాసెట్లు నేటికీ పడి ఉన్నాయి. ఫోనులో మాట్లాడటం ఖరీదైన రోజులలో గల్ఫ్ దేశాలకు వెళ్లినవారు తమ మాటలను క్యాసెట్‌లో నింపి, ఊరికి వచ్చేవారి చేతికిచ్చి పంపేవారు. ఇంటివారూ అలాగే జవాబు పంపేవారు. సలాముతో మొదలై, పేరు పేరునా క్షేమమడిగి, దుఆతో ముగిసే ఆ మాటలలో దాదీ గొంతు, నానా దగ్గు, పసిబిడ్డ కేరింత కూడా నిలిచి ఉంటాయి. అలా మాట్లాడినవారిలో పలువురు ఇప్పుడు మన మధ్య లేరు. తేమకు, వేడికి ఆ టేపు కూడా నానాటికీ చెడిపోతున్నది.

క్యాసెట్ పెట్టగానే గొంతుకన్నా ముందు ‘సుయ్’ మనే రొద వినిపిస్తుంది. కంప్యూటర్‌లో దానిని తగ్గించే సాధనాలున్నాయి. అయితే వాటిని వాడటంలో నిగ్రహం అవసరం.

ముందుగా మంచి ప్రతి

శుభ్రం చేయడం టేప్ రికార్డర్ దగ్గరే మొదలవుతుంది. దూదిని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కొద్దిగా తడిపి హెడ్‌ను తుడవాలి. స్పీకరు ముందు సెల్‌ఫోను పెట్టి రికార్డు చేస్తే గదిలోని ఫ్యాను చప్పుడు కూడా చేరుతుంది. కనుక హెడ్‌ఫోన్ రంధ్రం నుండి కేబుల్ ద్వారా కంప్యూటర్‌కు కలపాలి. ఎంపీ3 రూపం ధ్వనిలో కొంత భాగాన్ని వదిలివేస్తుంది. అందువలన మొదటి ప్రతిని వేవ్ రూపంలోనే దాచుకోవాలి. 60 నిమిషాల క్యాసెట్‌కు ఒకే చానల్‌లో, 16 బిట్లు, 44,100 హెర్ట్జ్ చొప్పున సుమారు 320 ఎం.బి. స్థలం పడుతుంది. ఈ ప్రతిలో ఎన్నడూ మార్పు చేయరాదు. శుద్ధి అంతా దాని నకలు మీదనే జరగాలి.

మూడు అంకెలు, ఒక పరీక్ష

ఉచితంగా లభించే ఆడాసిటీని ఉదాహరణగా తీసుకుందాం. ఎవరూ మాట్లాడక, రొద మాత్రమే వినిపించే ఒకటి రెండు క్షణాల భాగాన్ని ఎంచుకుని ‘గెట్ నాయిస్ ప్రొఫైల్’ నొక్కాలి. ఏ స్థాయిలో ఎంత రొద ఉన్నదో సాఫ్ట్‌వేర్ దీనివలన గ్రహిస్తుంది. తరువాత మొత్తం రికార్డింగును ఎంచుకుని అంకెలు సరిచూసుకోవాలి.

‘నాయిస్ రిడక్షన్’ అంకె రొదను ఎన్ని డెసిబెల్స్ తగ్గించాలో చెబుతుంది. 6 పెడితే రొద తరంగం ఎత్తు సగమవుతుంది, 12 పెడితే పావు వంతవుతుంది. 6తో మొదలుపెట్టి, 12 దాటకుండా ఉండటం మేలు. ‘సెన్సిటివిటీ’ పెంచేకొద్దీ ఎక్కువ ధ్వని రొదగా లెక్కలోకి వస్తుంది. ‘ఫ్రీక్వెన్సీ స్మూతింగ్’ పెంచితే శుద్ధి తరువాత మిగిలే గలగల తగ్గుతుంది కానీ, మాట స్పష్టత మసకబారుతుంది.

ఇక పరీక్ష. అక్కడే ఉన్న ‘రెసిడ్యూ’ను ఎంచుకుంటే తొలగిపోబోయే ధ్వని మాత్రమే వినిపిస్తుంది. అందులో ఉత్త రొద ఉంటే సరే. మాటల ముక్కలు వినిపిస్తే మనం గొంతును కోస్తున్నామని అర్థం, అంకెలు తగ్గించాలి. ఉర్దూ సంభాషణలోనూ, ఖుర్ఆన్ పారాయణంలోనూ సీన్, సాద్, షీన్, ఖా వంటి అక్షరాలు గాలి ఒరిపిడితోనే పలుకుతాయి. టేపు రొద కూడా వినడానికి అలాంటిదే. శుద్ధి మితిమీరితే ముందుగా దెబ్బతినేవి ఆ అక్షరాలే. తాతగారి పారాయణం నీటి అడుగు నుండి వచ్చినట్లు వినిపించడంకన్నా కాస్త రొదతో ఉండటమే నయం.

ఈ పద్ధతి ఎడతెగకుండా ఒకే తీరున సాగే రొదకే పనికివస్తుంది. కుక్కరు ఈల, వాహనాల హారన్, పిల్లల ఏడుపు దీనితో పోవు. కరెంటు వలన వచ్చే ‘గుమ్’ మనే మోతకు 50 హెర్ట్జ్ వద్ద ‘నాచ్ ఫిల్టర్’ ముందుగా వాడాలి. క్యాసెట్ రెండు వైపుల రొద ఒకే తీరున ఉండకపోవచ్చు. కనుక ప్రతి వైపుకూ కొత్త నమూనా తీసుకోవాలి.

ఇది ఒక అమానతు

శుద్ధి చేసిన ప్రతిని, మూల ప్రతిని వేర్వేరుగా, రెండేసి చోట్ల భద్రపరచాలి. ఆ మాటలు ఒకరు మరొకరిని నమ్మి చెప్పుకున్నవి. అందులో అప్పుల సంగతులు, అలకలు, కంటతడి ఉండవచ్చు. సంబంధీకుల అనుమతి లేనిదే వాట్సాప్ గ్రూపులలో పంచడం తగదు.

ఎవరి గొంతు, ఏ సంవత్సరం, ఏ ఊరి నుండి అన్న వివరాలను ఫైలు పేరులోనే రాయాలి. ఈ వివరాలు ఏ సాఫ్ట్‌వేరూ చెప్పలేదు. ఆ గొంతులను గుర్తుపట్టగలిగే పెద్దలు ఇంట్లో ఉండగానే, వారిని పక్కన కూర్చోబెట్టుకుని ఈ పని మొదలుపెడదాం.