స్కేటింగ్ చక్రానికి చలెందుకు పడదు?

స్కేటింగ్ చక్రాన్ని గోటితో నొక్కి చూశారా? కాస్త లొంగుతుంది, వెంటనే మామూలైపోతుంది. అది పాలీయురేథేన్. 1937లో జర్మనీలో ఒట్టో బేయర్ బృందం కనిపెట్టిన రకం ప్లాస్టిక్.

దాని అణువు పొడవాటి గొలుసు. అందులో మెత్తని ముక్క, గట్టి ముక్క మార్చి మార్చి వస్తాయి. మెత్తనివి ఉడికిన సేమియాలా మెలికలు తిరుగుతూ సాగుతాయి. గట్టివి పక్క గొలుసుల్లోని గట్టి ముక్కలను హైడ్రోజన్ బంధాలతో పట్టుకుని గుంపు కడతాయి. ఆ గుంపులే ముడులు. సాగదీసి వదిలితే గొలుసులు వెనక్కి రావడం వీటి పుణ్యమే.

సున్నా డిగ్రీల సెల్సియస్‌కు బాగా దిగువకు చల్లబరిస్తే మెత్తని ముక్కలు బిగుసుకుపోతాయి. రబ్బరులా సాగేది కాస్తా గాజులా పెళుసవుతుంది. వేడెక్కిస్తే ముడులు సడలి మెత్తబడుతుంది, కొన్ని రకాలు కరుగుతాయి. గొలుసులను రసాయన బంధాలతో కుట్టేసిన రకాలు మాత్రం కరగవు, మాడతాయి. గట్టి ముక్కలు పెంచితే వేడిని తట్టుకుంటుంది, సాగుడు మాత్రం తగ్గుతుంది!