ఆ రిపోర్టు రాసేదెవరు?

పోస్టుమార్టం అన్న మాట వినపడగానే మనలో చాలామంది మొహం తిప్పేసుకుంటాం. "పొద్దున్నే అపశకునం మాటలెందుకమ్మా" అని ఇంట్లో పెద్దవాళ్ళు కసురుకుంటారు కూడా. అదే టీవీ సీరియల్లో తెల్లకోటు వేసుకున్న ఫోరెన్సిక్ డాక్టరు రెండు నిమిషాల్లో హంతకుణ్ణి పట్టించేస్తుంటే మాత్రం పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా కదలం! మరి ఆ తెల్లకోటు డాక్టరు మన హిందూపురంలో ఉన్నాడా, పెనుకొండలో ఉన్నాడా, ధర్మవరంలో ఉన్నాడా అని ఎప్పుడైనా ఆలోచించారా?

ఒక కథలో అనుమానాస్పద మృతి గురించి రాయాల్సి వచ్చి నాకు ఆ ఆలోచన వచ్చింది. తెలిసిన డాక్టర్లనీ, నర్సులనీ, ఒకరిద్దరు లాయర్లనీ బాగా విసిగించాను. కథ సంగతి అలా ఉంచండి. తెలుసుకున్న విషయాలు మాత్రం మన ఆడవాళ్ళందరికీ కావలసినవేననిపించింది.

ఫోరెన్సిక్ మెడిసిన్ అనేది ఎమ్.బి.బి.ఎస్. తర్వాత మూడేళ్ళు చదివే ప్రత్యేకమైన చదువు. ఆ చదువు చదివినవాళ్ళు ఎక్కువగా మెడికల్ కాలేజీల్లో ఉంటారు. అంటే కాలేజీ ఎక్కడుంటే వాళ్ళూ అక్కడే. మా మూడు ఊళ్ళకీ ఇంతకాలం దిక్కు 2000లో మొదలైన అనంతపురం ప్రభుత్వ మెడికల్ కాలేజీయే. ధర్మవరం నుంచి అక్కడికి నలభై కిలోమీటర్ల పైచిలుకు. హిందూపురం నుంచైతే నూటపది దాకా. 2022 ఏప్రిల్‌లో మాకు వేరే జిల్లా వచ్చింది, పుట్టపర్తిలో కలెక్టరాఫీసు వచ్చింది. ఫోరెన్సిక్ ప్రొఫెసరు జిల్లాతోపాటు రాడు కదా!

మరి ఈ ఊళ్ళలో శవపరీక్ష చేసేదెవరు? చిన్న ఊళ్ళ ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఎక్కడైనా జరిగేదే ఇక్కడా జరుగుతుంది. ఆ పూట డ్యూటీలో ఎవరుంటే వాళ్ళు చేస్తారు. ఒకరోజు పిల్లల డాక్టరు కావచ్చు, ఇంకోరోజు కాన్పులు చేసే డాక్టరమ్మ కావచ్చు. ఎమ్.బి.బి.ఎస్.లో ఆ సబ్జెక్టు చదివి ఉంటారు కాబట్టి చట్టం ఒప్పుకుంటుంది. ధర్మవరం రైల్వే జంక్షను. పెనుకొండ పక్కనే 44వ నంబరు జాతీయ రహదారి, కియా కార్ల ఫ్యాక్టరీ దగ్గర రాత్రింబవళ్ళు లారీల రద్దీ. పట్టాల మీదా రోడ్డు మీదా పోయిన ప్రాణాలు చివరికి చేరేది ఆ డ్యూటీ డాక్టరు టేబుల్ మీదికే.

ఇక మన ఆడపిల్లల సంగతికొస్తాను. పెళ్ళయిన ఏడేళ్ళలోపు ఆడమనిషి ఆత్మహత్య చేసుకున్నా, అనుమానం కలిగేలా చనిపోయినా పోస్టుమార్టం తప్పనిసరి. తాసీల్దారో ఆర్డీవోనో, మెజిస్ట్రేటు అధికారమున్నవాళ్ళు వచ్చి పంచనామా చెయ్యాలి. 1983లో చట్టంలో చేర్చిన ఈ నియమం, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోనూ అలాగే ఉంది. "పోయినదెలాగూ పోయింది, కోతలెందుకు" అని పెద్దమనుషులు నచ్చజెప్పబోతారు. వినకండి. ఆ పిల్ల తన తరఫున చెప్పుకోగలిగింది ఇక ఆ పరీక్షలోనే ఉంది.

"స్టవ్ పేలింది" అంటారనుకోండి. మంటల్లో చిక్కుకున్నప్పుడు ఆమె ఊపిరితో ఉంటే గొంతుగొట్టంలో మసి కనిపిస్తుంది. ప్రాణం పోయాక అంటించి ఉంటే కనిపించదు. "ఉరి వేసుకుంది" అన్నప్పుడు మెడమీది గుర్తు పైకి ఏటవాలుగా పోయిందా, చుట్టూ అడ్డంగా ఉందా అన్నది చూడాలి. చూస్తే చాలదు, రాయాలి. రాయని గుర్తు కోర్టులో లేనట్టే లెక్క.

విషం అనుమానం వస్తే లోపలి భాగాలు కొన్ని తీసి సీసాల్లో పెట్టి ఫోరెన్సిక్ లేబొరేటరీకి పంపుతారు. వాటిని చెడిపోకుండా వేటిలో ఉంచుతారో తెలుసా? చాలాసార్లు ఉప్పునీళ్ళలో! ఇంక కరగదు అన్నంతగా ఉప్పు వేసిన నీళ్ళు. ఊరగాయకి ఉప్పు చాలకపోతే ఏమవుతుందో మనకు ఒకరు చెప్పాలా? ఇక్కడా అంతే. ఉప్పు చాలకపోతే కుళ్ళిపోతుంది. పొరపాటున ఫార్మలిన్ పోశారా, విషాన్ని పట్టుకోవడం కష్టమైపోతుంది. చీటీ అంటించి, లక్క సీలు వేసి, ఎవరి చేతినుంచి ఎవరి చేతికి పోయిందో రాసుకోవాలి. ఒక్క సంతకం లేకపోయినా అవతలి లాయరుకి పండగే.

శవపరీక్ష తేలిగ్గా రెండోసారి చేసే పని కాదు. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఒక ఫార్మసీ విద్యార్థిని హత్యకు గురైంది, గుర్తుందా? ఆ కేసులో ఒక యువకుడికి 2010లో శిక్ష పడింది. 2017 మార్చిలో హైకోర్టు అతను నిర్దోషి అని వదిలేసింది. 2019 డిసెంబరులో సీబీఐ వాళ్ళు తెనాలిలో ఆ అమ్మాయి సమాధి తవ్వించి మళ్ళీ పరీక్ష చేయించారు. పన్నెండేళ్ళ తర్వాత! కన్నతల్లి ప్రాణం ఎంత విలవిల్లాడి ఉంటుందో రాయడానికి నాకు చేతకాదు.

సంఘం ఉంది, మరి సభ్యులు?

ఈ విద్య తెలిసినవాళ్ళకి సంఘాలు లేకపోలేదు. దేశం మొత్తానికి ఇండియన్ అకాడమీ ఆఫ్ ఫోరెన్సిక్ మెడిసిన్ 1972 నుంచీ ఉంది. మన దక్షిణాది రాష్ట్రాలకి సౌత్ ఇండియా మెడికో లీగల్ అసోసియేషన్ ఉంది, దానికి సొంత పత్రిక కూడా ఉంది. సదస్సులు జరుగుతాయి. ప్రొఫెసర్లు ప్రసంగిస్తారు, పీజీ విద్యార్థులు పేపర్లు చదువుతారు.

అయితే ఆ హాల్లో కూర్చున్నవాళ్ళలో హిందూపురం డ్యూటీ డాక్టరు లాంటివాళ్ళు ఎందరుంటారు? నేను మాట్లాడిన డాక్టర్లలో ఒక్కరు తప్ప ఎవరూ అలాంటి సదస్సు గడప తొక్కలేదు. "అది వాళ్ళ స్పెషాలిటీ కదండీ, మాకెందుకు" అన్నారొకరు. వారంవారం మార్చురీకి వెళ్తూనే ఆ మాట అన్నారు! ఆయన్నీ తప్పుపట్టలేం. ఇటునుంచి పిలిచినవాళ్ళూ లేరు మరి. ప్రొఫెసర్ల సంఘం ప్రొఫెసర్లతోనే నిండితే, అసలు పని చేసే చేతులు బయటే ఉండిపోతాయి. ఇక సభ్యత్వం తీసుకున్నవాళ్ళలోనైనా ఏడాదికోసారి వెళ్ళి సంచీ, భోజనం కూపను తీసుకుని ఫోటో దిగి వచ్చేస్తే సరిపోతుందనుకునేవాళ్ళు ఏ సంఘంలోనైనా ఉంటారు. (మన మహిళా మండళ్ళలో లేరా ఏమిటి?)

ఆ వెళ్ళిన ఒక్కరూ ఈ మూడు ఊళ్ళలో ఒకదాంట్లో పనిచేసే డాక్టరమ్మ. చదివింది గైనకాలజీ. నన్ను అక్కా అని పిలుస్తుంది.

"నేను చదివింది పిల్లల్ని పుట్టించడానికి అక్కా. ఉద్యోగంలో చేరిన నెలలోనే మార్చురీకి పొమ్మన్నారు. పుస్తకం తిరగేసుకుని పోయినా. మూడేళ్ళ తర్వాత ఆ కేసుకి కోర్టు నుంచి సమన్లు. బోనెక్కి నిలబడితే కాళ్ళు వణికినాయి. మీరు ఫోరెన్సిక్‌లో పీజీ చేశారా, ఇంతవరకూ ఎన్ని పోస్టుమార్టాలు చేశారు అని లాయరు అడుగుతుంటే గొంతు పెగల్లేదు" అంది.

"మరి ఆ సదస్సుకి ఎట్లా వెళ్ళావు?"

"కోర్టు బయట ఒక ఫోరెన్సిక్ ప్రొఫెసరుగారు కనిపించి, ఆదివారం మా దగ్గరికి రామ్మా, కోర్టులో సాక్ష్యం ఎట్లా చెప్పాలో నేర్పిస్తాం అన్నారు. పోయినా. ఆ పైయేడు సభ్యత్వం కట్టినా. దానివల్ల వచ్చిన లాభమేమంటే అక్కా, ఇప్పుడు నా ఫోన్లో ఒక నంబరుంది. మార్చురీ తలుపు దగ్గర నిలబడి 'సార్, ఇది ఇట్లా ఉంది, ఏం చూడమంటారు' అని అడగగలను. రాత్రి పది గంటలకైనా ఎత్తుతారు."

ఆ ఫోను నంబరే నాకు సదస్సులన్నిటికంటే గొప్పగా కనిపించింది. అయితే అది ఒక మంచి మనిషి చలవ. ఆయన రిటైరైతే? అది ఒకరి దయగా కాక సంఘం పనిగా జరగాలి కదా! జిల్లాకొక సభ్యుడు, డ్యూటీ డాక్టర్లకి మూడు నెలలకొక ఆదివారం క్లాసు, తెలుగులో ఒక చిన్న పుస్తకం... ఇదేం కోట్ల ఖర్చు కాదు.

సభ్యులు నోరు విప్పితే ఏం జరుగుతుందో వార్ధా దగ్గరి సేవాగ్రామ్‌లో చూశాం. అక్కడి మెడికల్ కాలేజీలో ఫోరెన్సిక్ విభాగం డాక్టర్ ఇంద్రజిత్ ఖాండేకర్, అత్యాచార బాధితులకు చేసే పరీక్ష ఎంత అధ్వాన్నంగా ఉందో 2010లో నివేదిక రాశారు. రెండు వేళ్ళ పరీక్ష అన్న పేరుతో జరిగే అవమానాన్నీ బయటపెట్టారు. విషయం హైకోర్టు నాగపూర్ బెంచికి వెళ్ళింది. 2013లో మహారాష్ట్ర ప్రభుత్వం కొత్త పద్ధతి తెచ్చింది. మర్నాటి ఏడు కేంద్ర ఆరోగ్యశాఖ దేశమంతటికీ మార్గదర్శకాలిచ్చింది. 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ పరీక్ష చేసేవాళ్ళని తప్పుచేసినవాళ్ళుగానే చూస్తామంది.

మన రాయలసీమ డాక్టర్లు చేసిన పనీ ఒకటుంది. జుట్టుకు వేసే నల్లరంగు మింగి ఆసుపత్రికి వచ్చేవాళ్ళు ఇక్కడ ఎక్కువ. అందులోనూ వయసులో ఉన్న ఆడవాళ్ళే ఎక్కువ. మొదటి గంటల్లోనే మెడ, గొంతు వాచి ఊపిరాడదు. తర్వాత మూత్రపిండాలు దెబ్బతింటాయి. విరుగుడు మందు లేదు. మన ప్రాంతపు ఆసుపత్రుల డాక్టర్లు తమ దగ్గరికి వచ్చిన కేసులను లెక్కగట్టి వైద్య పత్రికల్లో రాశారు. గొంతుకి వెంటనే రంధ్రం పెట్టి ఊపిరి అందిస్తే బతికించవచ్చని అందరికీ తెలిసింది. ఎవరి కేసు షీటు వాళ్ళు బీరువాలో పెట్టుకుని ఉంటే ఆ సంగతి పక్క ఊరికి కూడా తెలిసేది కాదు. (ఇంట్లో ఎవరైనా దిగులుగా, ప్రాణం మీద విసుగ్గా మాట్లాడుతుంటే తేలిగ్గా తీసుకోకండి. 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు.)

నర్సమ్మల మాటేమిటి?

అత్యాచారానికి గురైన అమ్మాయి ఆసుపత్రికి వస్తే మొదట చూసేది నర్సే. బట్టలు మార్పించేదీ, మంచినీళ్ళిచ్చేదీ, పక్కన కూర్చునేదీ ఆమే. ఆ బట్టల్ని ఉతకకూడదని, తడి ఉంటే నీడలో ఆరబెట్టి ప్లాస్టిక్ కవర్లో కాకుండా కాగితం కవర్లో పెట్టాలని ఆమెకు తెలిసి ఉండాలి. ప్లాస్టిక్‌లో చెమ్మ చేరి బూజు పడుతుంది, సాక్ష్యం పోతుంది. అన్నట్టు ఇది మనకూ అవసరమే. స్నానం చేయించి, బట్టలు ఉతికేసి తీసుకెళ్ళడం తల్లిమనసుకి తోచే మొదటి పని. ఆ పని చెయ్యకండి. ఒకవేళ చేసేసినా సరే, పరీక్షకు వెళ్ళడం మానకండి. ప్రభుత్వ ఆసుపత్రయినా ప్రైవేటయినా వెంటనే ఉచితంగా చికిత్స చెయ్యాలని చట్టం. ఆమె ఒప్పుకుంటేనే పరీక్ష. ఆ రిపోర్టును డాక్టరు ఏడు రోజుల్లో దర్యాప్తు అధికారికి పంపాలి. పద్దెనిమిదేళ్ళలోపు ఆడపిల్లయితే పరీక్ష చేసేది లేడీ డాక్టరే అయి ఉండాలి.

1992లో అమెరికాలోని మినియాపొలిస్‌లో డెబ్బై మందికి పైగా నర్సులు కూడి ఫోరెన్సిక్ నర్సులకంటూ ఒక అంతర్జాతీయ సంఘం పెట్టుకున్నారు. వాళ్ళలో చాలామంది అత్యాచార బాధితులను పరీక్షించే పనిలో ఉన్నవాళ్ళే. ఎవరో పిలుస్తారని కూర్చోలేదు. మన దగ్గర నర్సుని డాక్టర్ల సంఘం సమావేశానికి పిలవడమా, అని నవ్వుతారేమో! నవ్వనీండి.

కొత్త చట్టం ప్రకారం ఏడేళ్ళు, ఆపైన శిక్ష పడే నేరాలన్నిటిలో ఫోరెన్సిక్ నిపుణులు నేరం జరిగిన చోటికి వెళ్ళాలి. రాష్ట్రాలకి దానికి అయిదేళ్ళు గడువిచ్చారు. అంటే ధర్మవరం మగ్గాల వీధిలో జరిగినా, మడకశిర పొలాల్లో జరిగినా నిపుణుడు రావాలి. అంతమంది నిపుణులు ఆకాశం నుంచి ఊడిపడరు. ఉన్నవాళ్ళు కొత్తవాళ్ళకి నేర్పాలి. పెనుకొండకి మెడికల్ కాలేజీ మంజూరైంది, కాలేజీ అంటే ఫోరెన్సిక్ విభాగం ఉండి తీరాలి. అది పూర్తిగా నడిచేదాకా ఈ డ్యూటీ డాక్టర్లే మనకు గతి.

మొన్న డాక్టరమ్మ కనిపించింది. వచ్చే సదస్సుకి తనతోపాటు ఇంకో డాక్టర్నీ, ఇద్దరు నర్సుల్నీ తీసుకెళ్దామనుకుంటోందట. ప్రయాణం ఖర్చులు తలా కొంత వేసుకుంటారట. నర్సులిద్దరూ ఉత్సాహంగానే ఉన్నారు. చిక్కల్లా ఒక్కటే. ఆ మూడు రోజులూ ఆసుపత్రిలో వాళ్ళ డ్యూటీ ఎవరు చూస్తారన్నది ఇంకా తేలలేదు.