ఇంటి గుట్టు – చేతిలో ఫోను



'ఇంటిగుట్టు లంకకు చేటు' అన్న సామెత మనకందరికీ తెలిసినదే. ఏ మాట ఎవరి చెవిని వెయ్యాలో, ఏది గడప దాటించకూడదో మన పెద్దవాళ్లు చిన్నప్పటినుంచీ నేర్పుతూనే వచ్చారు. పక్కింటావిడ పంచదారకి వస్తే వంటింటిదాకా రానిస్తాం. కొత్తమనిషి వస్తే వీధి అరుగు మీదే మాట్లాడి పంపేస్తాం. బీరువాలో ఏమున్నదీ ఊరందరికీ చెప్పుకోం. ఇంత జాగ్రత్త తెలిసిన మనమే, ఫోను చేతిలోకి వచ్చేసరికి గడప ఎక్కడున్నదో మరచిపోతున్నాం. ఈ వేళ ఆ సంగతి కాస్త వివరంగా చెప్పుకుందాం.

ముందుగా ఈ సోషల్ మీడియా ఎలా పెరిగిందో చూద్దాం. 2004లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న మార్క్ జుకర్‌బర్గ్, తోటి విద్యార్థుల కోసం ఫేస్‌బుక్ మొదలుపెట్టాడు. 2006లో అది అందరికీ తలుపులు తెరిచింది. 2009లో వాట్సాప్, 2010లో ఇన్‌స్టాగ్రామ్ వచ్చాయి. ఇన్‌స్టాగ్రామ్‌ని 2012లోను, వాట్సాప్‌ని 2014లోను ఫేస్‌బుక్ కంపెనీయే కొనేసింది. ఆ కంపెనీకే 2021నుంచి మెటా అని పేరు. 2016 సెప్టెంబరులో జియో వచ్చి ఇంటర్నెట్ చవక అయ్యేసరికి, కాలేజీ కుర్రకారుతో ఉన్న ఈ సరదా మన వంటిళ్లదాకా వచ్చింది. 2019 నాటికే మన దేశంలో వాట్సాప్ వాడేవారు 40 కోట్లమంది అని ఆ సంస్థ చెప్పింది.

దీనివల్ల మేలు లేదని ఎవరనగలరు? ఉద్దానంనుంచి చెన్నైకో, హైదరాబాదుకో, గల్ఫు దేశాలకో పనికి వెళ్లిన తండ్రి, రాత్రి వీడియోలో పిల్లల మొహాలు చూసుకుని నిద్రపోతున్నాడు. అమెరికాలో కూతురు పురుడు పోసుకుంటే, విజయనగరంలో అమ్మమ్మ ఆ పూటే మనవణ్ణి చూసుకుంటున్నది. అంచేత ఫోను అవతల పారెయ్యమని నేను చెప్పబోవడం లేదు.

అయితే ఒక్క ప్రశ్న వేసుకోవాలి. ఇంత సదుపాయం మనకి డబ్బు పుచ్చుకోకుండా ఎందుకిస్తున్నారు? వాళ్ల ముఖ్యమైన రాబడి ప్రకటనలమీద. మీరు పొందూరు ఖద్దరు చీర బొమ్మ దగ్గర కాసేపు ఆగారనుకోండి, ఆ ఆగడం కూడా వాళ్ల లెక్కలోకి వెళ్తుంది. ఏ ఊళ్లో ఉన్నారు, ఎవరితో స్నేహం, ఏది మెచ్చుకున్నారు – ఇవన్నీ కలిపి మీకు ఏ ప్రకటన చూపిస్తే కొంటారో అంచనా కడతారు. వాట్సాప్‌లో మనం రాసుకునే మాటలకి 2016నుంచి తాళం ఉన్నది. పంపినవారు, అందుకున్నవారు తప్ప కంపెనీ కూడా చదవలేదు. కాని ఎవరు ఎవరితో ఎప్పుడు మాట్లాడారన్నది తెలుసుకోవచ్చు. పైగా అందుకున్నవారు దాన్ని పదిమందికి పంపితే ఆ తాళం ఏమీ చెయ్యలేదు. 'పెదవి దాటితే పృథివి దాటుతుంది' అన్నారు కదా, ఇప్పుడు దాటేది వేలు.

ఇంకొక సంగతి చాలామందికి తట్టదు. మన గుట్టు మన ఒక్కరి చేతిలోనే లేదు. 2018లో కేంబ్రిడ్జి ఎనలిటికా అనే సంస్థ వ్యవహారం బయటపడింది. 'మీ స్వభావం ఎలాంటిదో చెబుతాం' అనే ప్రశ్నల ఆట ఒకటి ఫేస్‌బుక్‌లో పెట్టి, ఆడినవారి వివరాలే కాకుండా వారి స్నేహితుల వివరాలు కూడా లాగేశారు. మన దేశంలో ఆ ఆట పెట్టుకున్నవారు 335 మంది. వాళ్ల మూలంగా వివరాలు పోయి ఉండవచ్చని ఫేస్‌బుక్కే లెక్క చెప్పినవారు మొత్తం 5,62,455 మంది! ఆ ఐదున్నర లక్షలమంది ఏ తప్పూ చెయ్యలేదు, ఏ ఆటా ఆడలేదు. ఎవరో స్నేహితుడు సరదాపడ్డాడు, అంతే. 'వచ్చే జన్మలో మీరేమవుతారు?' అని అడిగే ఆటలు మన ఫోనుకీ వస్తుంటాయి. 'అనుమతించు' అని నొక్కేముందు, తాళం తీస్తున్నది మన ఇల్లొక్కటే కాకపోవచ్చునని గుర్తుంచుకోండి.

ఇదెక్కడో దూరదేశపు గొడవ అనుకోవద్దు. మన పక్కనున్న విశాఖపట్నం సంగతే చూడండి. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ పోలీసులు 'డాల్ఫిన్స్ నోస్' అనే పేరుతో – అది విశాఖ రేవు దగ్గరి కొండ పేరే – ఒక గూఢచర్యం కేసు బయటపెట్టారు. ఏడుగురు నౌకాదళ సిబ్బందిని, ఒక హవాలా వ్యాపారిని అరెస్టు చేశారు. ఫేస్‌బుక్‌లో ఆడపేర్లతో పరిచయమైనవారి వలలో చిక్కి రహస్యాలు చేరవేశారని అభియోగం. ఆ నెలాఖరుకల్లా నౌకాదళం తన స్థావరాలలోను, ఓడలమీద స్మార్టు ఫోన్లు, ఫేస్‌బుక్ నిషేధించింది. 2020 జులైలో సైన్యం కూడా 89 యాప్‌లు ఫోనులోంచి తీసెయ్యమని సిబ్బందిని ఆదేశించింది.

మరి కొడుకో, అల్లుడో సైన్యంలోనో నేవీలోనో ఉన్న ఇళ్లు మన రెండు జిల్లాలలోను ఎన్నో ఉన్నాయి. బాబు తన ఫోనులో ఫేస్‌బుక్ తీసేశాడు సరే. అమ్మ ఫోను మాటేమిటి? యూనిఫారంలో ఉన్న ఫొటో, దళం పేరు, 'సెలవు అయిపోయింది, ఈ రాత్రి రైలుకి ఫలానా చోటికి వెళ్తున్నాడు' అన్న మాట – ఈ మూడూ కలిస్తే పగవాడికి కావలసినంత సమాచారం. తల్లికి బిడ్డని చూసి గర్వం ఉండకూడదా అంటే, ఉండాలి. ఆ ఫొటో గోడకి కట్టుకోండి. లోకానికి చూపించనక్కర్లేదు.

అలాగే పైడితల్లమ్మ సిరిమాను చూడ్డానికో, అరసవిల్లి రథసప్తమికో ఇంటిల్లిపాదీ బయల్దేరి, దారిలోంచే ఫొటోలు పెట్టడం. ఇంటికి తాళం వేసి ఉన్నదని దొంగకి మనమే కబురంపినట్టు కాదూ? తిరిగొచ్చాక పెడితే అమ్మవారేమీ కోప్పడదు.

ఇక ఆడపిల్లల మాట. పిల్ల ఫొటో ఎవరో తీసుకుని దొంగ ఖాతా తెరిచారనుకోండి, లేదా ఈమధ్య కంప్యూటరు మాయతో మొహం మార్చి పాడు బొమ్మ తయారుచేశారనుకోండి. మన ఇళ్లలో మొదట జరిగేదేమిటి? పిల్ల ఫోను లాగేసుకోవడం, కాలేజీ మాన్పించడం, తొందరగా సంబంధం చూసెయ్యడం! నేరం చేసినవాడు వీధిలో తిరుగుతుంటాడు, శిక్ష పిల్లకి పడుతుంది. ఈ భయం వల్లనే పిల్లలు బెదిరింపులు వచ్చినా తల్లికి చెప్పరు; లోలోపలే కుమిలిపోతారు. అమ్మా, దయచేసి ఈ ఒక్క మాట మనసులో పెట్టుకోండి. గుట్టు అంటే పిల్లని మూలన కూర్చోబెట్టడం కాదు. తన సంగతి ఎవరికి తెలియాలో, ఎవరికి తెలియకూడదో తను నిర్ణయించుకోగలగడం. 'ఏం జరిగినా ముందు నాతో చెప్పు, నిన్నేమీ అనను' అని ఇవాళే చెప్పి ఉంచండి. అంతకు మించిన రక్షణ లేదు.

మన సుప్రీంకోర్టు కూడా ఇటువంటి మాటే చెప్పింది. జస్టిస్ పుట్టస్వామి అనే విశ్రాంత న్యాయమూర్తి వేసిన కేసులో, 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా, గోప్యత మనిషికి ప్రాథమిక హక్కు అని తీర్పునిచ్చారు. 2023లో పార్లమెంటు వ్యక్తిగత సమాచార రక్షణకు చట్టం చేసింది. ఐ.టి. చట్టం 66ఇ సెక్షన్ ప్రకారం, ఒకరి ఆంతరంగిక చిత్రాన్ని వారి అంగీకారం లేకుండా తీసినా, పంపినా మూడేళ్లదాకా జైలు, లేదా రెండు లక్షలదాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

ఇప్పుడు మనం చెయ్యదగినవి. వాట్సాప్‌లో 'సెట్టింగ్స్'కి వెళ్లి 'ప్రైవసీ' నొక్కండి. మీ ఫొటో, మీరు చివరిసారి చూసిన సమయం మీ నెంబర్లలో ఉన్నవారికి మాత్రమే కనబడేట్టు మార్చుకోండి. మిమ్మల్ని గ్రూపుల్లో ఎవరు చేర్చవచ్చో కూడా అక్కడే ఉంటుంది. 'అకౌంట్' అన్నచోట 'టూ స్టెప్ వెరిఫికేషన్' అని ఉంటుంది. అక్కడ ఆరంకెల రహస్య సంఖ్య పెట్టుకోండి. ఫేస్‌బుక్‌లో ప్రొఫైల్‌కి తాళం వేసుకునే వీలు 2020 మేనుంచి మన దేశంలో ఉన్నది. ఆధార్ కార్డు ఫొటో ఏ గ్రూపులోనూ పెట్టకండి; తప్పనిసరైతే చివరి నాలుగంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. ఫోనుకి వచ్చిన ఓ.టి.పి. ఎవరడిగినా, తమ్ముడి పేరు చెప్పి అడిగినా, ఇవ్వవద్దు. పక్కింటి పిల్లల ఫొటో పెట్టేముందు వాళ్లమ్మని ఒకమాట అడగండి. డబ్బు మోసం జరిగితే ఆలస్యం చెయ్యకుండా 1930కి ఫోను చెయ్యండి. ఫొటోలతో వేధిస్తే ఆ సందేశాలు చెరిపెయ్యకుండా ఉంచి, పోలీసులకి గాని, నేషనల్ సైబర్ క్రైమ్ రిపోర్టింగ్ పోర్టల్‌కి గాని ఫిర్యాదు ఇవ్వండి. ఆడవాళ్లమీద, పిల్లలమీద జరిగే ఇటువంటి నేరాల గురించి ఆ పోర్టల్‌లో పేరు చెప్పకుండా కూడా తెలియజేయవచ్చు.

ఇవన్నీ చెయ్యడానికి పావుగంట కంటే పట్టదు. మనకి తెలియకపోతే అమ్మాయినో, అబ్బాయినో అడిగి నేర్చుకోవడంలో నామోషీ ఏముంది? ఈ రాత్రి భోజనాలయ్యాక అందరూ ఫోన్లు ముందు పెట్టుకుని కూర్చోండి. పిల్లలు మీకు తాళం వెయ్యడం నేర్పుతారు. ఏ తలుపుకి వెయ్యాలో మీరు వాళ్లకి చెప్పండి.